కొబ్బరిచెట్లున్నాయి, దింపు తీసేవాళ్లే లేరు

ఈ వారం ఓ పాత గేమ్ గురించి చెప్తా. పేరు ఫార్ క్రై 3. యుబిసాఫ్ట్ వాళ్ల మాంట్రియల్ స్టూడియో చేసింది, 2012 చివర్లో వచ్చింది. ఇప్పుడెందుకంటారా? రెండు కారణాలు. ఒకటి, పాత పీసీలోనూ ఆడుతుంది. 4 జీబీ ర్యామ్, 512 ఎంబీ గ్రాఫిక్స్ కార్డు, 15 జీబీ ఖాళీ ఉంటే మొదలెట్టొచ్చు. రెండోది, కథ జరిగేది కొబ్బరిచెట్ల దీవుల్లో. కోనసీమవాళ్లం దాన్ని చూసే చూపు కొంచెం వేరేగా ఉంటుంది కదా!

కథ చిన్నదే. జేసన్ బ్రోడీ అనే అమెరికా కుర్రాడు ఫ్రెండ్స్‌తో ట్రిప్పుకొచ్చి, రూక్ ఐలాండ్స్ అనే కల్పిత దీవుల్లో సముద్రపు దొంగలకి దొరికిపోతాడు. వాళ్లు అతని అన్నని చంపేస్తారు. జేసన్ తప్పించుకుని మిగతావాళ్లని విడిపించాలి. ఇది ఫస్ట్ పర్సన్ షూటర్, అంటే అంతా జేసన్ కళ్లతోనే చూస్తాం.

అసలు మజా శత్రువుల క్యాంపుల్లో ఉంది. దీవుల మీద మొత్తం 34 ఉన్నాయి. గేమ్ మనకి 'ఈ క్యాంపు పట్టుకో' అని మాత్రమే చెప్తుంది, ఎలా పట్టుకోవాలో చెప్పదు. గుట్ట మీద పడుకుని కెమెరాతో ఎవడెక్కడున్నాడో గుర్తుపెట్టుకోవచ్చు. చప్పుడు రాకుండా విల్లుతో ఒక్కొక్కణ్నీ లేపేయొచ్చు. అలారం ఆపేసి లోపలికి దూరొచ్చు. కొన్ని క్యాంపుల్లో బోనులో పులో ఎలుగుబంటో ఉంటుంది. దూరం నుంచి ఆ బోను తలుపు కొడితే చాలు, మిగతా పని అది చూసుకుంటుంది. ఎవరి కంటా పడకపోతే పాయింట్లు ఎక్కువ. అలారం మోగిందో, జీపుల్లో ఇంకో బ్యాచ్ దిగుతుంది. ఒకే క్యాంపుని నేనొకలా, మీరొకలా ఆడతాం. ఓపెన్ వరల్డ్ అనే మాటకి అర్థం ఇదే.

ఇంకో ప్లస్, ఒకసారి ఇన్‌స్టాల్ చేసి యాక్టివేట్ చేసుకున్నాక, ఒంటరిగా ఆడే కథకి నెట్ అక్కర్లేదు. ఇది చిన్న విషయం కాదండోయ్. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ని నిషేధించారు. దాని బదులు వచ్చిన బీజీఎంఐ కూడా 2022 జులైలో స్టోర్ల నుంచి మాయమై, 2023లో గానీ తిరిగి రాలేదు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత మన జిల్లాలో రోజుల తరబడి నెట్ ఆపేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటప్పుడు సర్వర్ మీద బతికే గేమ్ ఎంత గొప్పదైనా ఫోన్‌లో బొమ్మే.

ఇక మైనస్‌లు. క్యాంపు పట్టుకున్నాక ఆ చుట్టుపక్కల శత్రువులు తగ్గిపోతారు. గెలిచినకొద్దీ దీవి బోసిపోతుంది. క్యాంపుల్ని మళ్లీ మొదటికి తెచ్చుకునే వీలు తర్వాత అప్‌డేట్‌లో ఇచ్చారు. 2008లో వచ్చిన ఫార్ క్రై 2లో దీనికి రివర్స్. దారి కాపలావాళ్లని ఎన్నిసార్లు ఊడ్చినా, మళ్లీ వచ్చేసరికి అక్కడే ఉంటారు. అదో విసుగు, ఇదో వెలితి.

కథ మిషన్లలోకి వెళ్తే స్వేచ్ఛ కూడా కరిగిపోతుంది. చెప్పిన దారి దాటితే చాలు, వెనక్కి రమ్మని హెచ్చరిక. 18 రేడియో టవర్లు ఎక్కడం మొదట్లో బాగుంటుంది, పదోదానికి డ్యూటీలా అనిపిస్తుంది. అందరికీ గుర్తుండిపోయే విలన్ వాస్ సగంలోనే వెళ్లిపోతాడు. అతని బాస్ హోయ్ట్ ఆ లోటు తీర్చలేడు.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది మాత్రం దీవి జనం. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం దాటినవాళ్లకి నీటి మధ్య ఊరంటే ఏంటో తెలుసు. పంటులో బైకులు, కాయగూరల బస్తాలు, కాలేజీకి పోయే పిల్లలు అంతా కలిసే ఉంటారు. రూక్ ఐలాండ్స్‌లో అన్ని కొబ్బరిచెట్లున్నా దింపు తీసేవాడు నాకు కనపడలేదు. కాయ వలిచేవాడూ లేడు. అక్కడి రాక్యత్ తెగవాళ్లు తరాలుగా ఉన్న నేల అది. అయినా దాన్ని కాపాడటానికి నిన్నగాక మొన్న తుపాకీ పట్టిన టూరిస్టు రావాలట! ఆ దీవిలో మనం ఎక్కడుంటాం? జేసన్ ప్లేసులో కాదు, రోడ్డు పక్కన నిలబడి అతనికి దారిచ్చేవాళ్లలో ఉంటాం. ఇలాంటి హీరో కథల్ని వెక్కిరించడానికే అలా రాశానని రచయిత జెఫ్రీ యోహాలెమ్ చెప్పాడు. కావచ్చు. కానీ ఆడుతున్నంతసేపూ హీరోయిజం కిక్కే తగులుతుంది, వెక్కిరింపు తగలదు.

మరి ఆడాలా? 18 నిండితే ఆడండి. రేటింగ్ కూడా 18 ప్లస్సే, చిత్రహింసలు, డ్రగ్స్ బాగానే ఉన్నాయి. డిస్కౌంట్ సేల్ వచ్చేదాకా ఆగి కొనండి. టవర్లన్నీ ఎక్కాలని పట్టుబట్టకుండా, క్యాంపుల్ని మాత్రం తలో పద్ధతిలో ప్రయత్నించండి. ఒక హెచ్చరిక: ఈ గేమ్ ఫోన్లకి రాలేదు. 'ఫార్ క్రై 3 ఏపీకే' అని ఎవరైనా లింకు పంపితే ముట్టుకోకండి.

మీలో గేమ్ డిజైన్ నేర్చుకుంటున్నవాళ్లుంటే ఒక్క మాట. మన లంకల మీద గేమ్ చేస్తే హీరోని విమానంలోంచి దించక్కర్లేదు. రేవులో పంటు నడిపేవాడైనా సరిపోతాడు. ఏ పాయ ఎక్కడ తిరుగుతుందో, వరదొస్తే ఏ ఊరు ముందు మునుగుతుందో అతనికి ముందే తెలుసు.