పొడుగు పేర్లంటే భయమెందుకు?

ముఖానికి పూసుకునే క్రీము ట్యూబుకు రెండు వైపులుంటాయి. ముందువైపున కవిత్వం: కుంకుమపువ్వు, కలువరేకులు, వెన్నెల కాంతి. వెనుకవైపున ఆవగింజంత అక్షరాలలో ఇంగ్లీషూ లాటినూ కలగలిసిన ఒక జాబితా. మొదటిది మనం చదవాలని రాసినది. రెండవది చట్టం రాయమన్నది గనుక రాసినది. నా మటుకు నాకు రెండవదే నమ్మదగిన రచనగా తోస్తుంది.

ఈ మధ్య చదువుకున్నవారి ఇళ్ళలో ఒక సూత్రం బాగా ప్రచారంలోకి వచ్చింది. నోరు తిరగని పేరున్న పదార్థాన్ని వంటికి పూయరాదట. వినడానికి ఇంపుగానే ఉంది గాని, నేను ఒప్పుకోలేను. జాబితాలో మొదట కనబడే ‘ఆక్వా’ మంచినీళ్ళే. ‘టోకోఫెరాల్’ ఇ-విటమిను, ‘నియాసినమైడ్’ బి3 విటమిను. సబ్బు మీది ‘సోడియం పామేట్’ పామాయిలుతో తయారైన సబ్బు. ‘సోడియం టాలోవేట్’ పశువుల కొవ్వుతో తయారైనది. నియమంగా శాకాహారం తినేవారు ఈ రెండో మాటను గుర్తుపెట్టుకోవడం మంచిది. ఎండను అడ్డుకునే ‘టైటానియం డయాక్సైడ్’ తెల్లని పొడి. దానికి ముడి ఖనిజమైన ఇల్మనైట్ మన భీమునిపట్నం తీరపు ఇసుకలోనూ ఉంది. సబ్బు వండేటప్పుడు నూనెలోంచి విడివడే తియ్యని జిగురు ద్రవమే గ్లిజరిన్, దాని పని తేమను పట్టి ఉంచడం. ‘పెట్రోలేటమ్’ ఆ తేమ ఆవిరైపోకుండా పైన మూత వేస్తుంది. చలికాలంలో మన అమ్మమ్మలు కాళ్ళకు ఆముదం రాసుకున్నది ఇందుకే కదా.

పారబెన్ల మీద పడిన నింద సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. నీళ్ళు కలిసిన ఏ వస్తువైనా నిలవ ఉంచేదేదీ వేయకపోతే బూజు పడుతుంది. ఊరగాయకు ఉప్పూ నూనే ఎలాగో, క్రీముకు ఇవి అలాగు. వీటిలో కొన్ని రకాలను ఐరోపా 2014లో నిషేధించిన మాట నిజం. మిథైల్, ఇథైల్ పారబెన్లను మాత్రం పరిమితికి లోబడి అక్కడా అనుమతిస్తున్నారు. ‘పారబెన్లు లేవు’ అని అట్ట మీద గొప్పగా చాటినవారు వాటికి బదులు ఏమి వేశారన్నదే అసలు ప్రశ్న. అలా బదులుగా వచ్చినవాటిలో మిథైల్ ఐసోథయాజోలినోన్ ఒకటి. ఎందరికో దద్దుర్లు తెచ్చిపెట్టడంతో, పూసి కడగకుండా వదిలేసే క్రీములలో దానిని ఐరోపా 2017 నుంచి వాడనివ్వడం లేదు.

నిజానికి జాబితాలో నాకు అనుమానం కలిగించేది ఒక పొట్టి మాట: ‘ఫ్రాగ్రెన్స్’. ఆ ఒక్క మాట చాటున పదులకొద్దీ పదార్థాలు దాగి ఉండవచ్చు, వాటిని విడివిడిగా పేర్కొనకపోయినా చెల్లుతుంది. సున్నితమైన చర్మం గలవారికి దురదా మంటా పుట్టేది చాలాసార్లు ఈ పరిమళం వల్లనే.

అన్నట్టు, జాబితాలోని వరుసకు ఒక అర్థముంది. ఎక్కువ పాళ్ళున్నది ముందు, తక్కువది తరువాత. ఒక శాతానికి లోబడినవాటిని మాత్రం చివరన ఏ వరుసలోనైనా రాయవచ్చు. ‘ఫినాక్సీఇథనాల్’ అనే నిలవ మందు ఒక శాతం దాటకూడదన్నది నియమం. కనుక దాని తరువాత కనిపించేవేవీ ఒక శాతానికి మించవు. ముందువైపున బొమ్మ వేయించుకున్న కుంకుమపువ్వు ఈ వరుసలో ఎక్కడ నిలబడి ఉందో ఒకసారి చూడండి, తమాషాగా ఉంటుంది.

మన జనం తెల్లదనం కోసం పడే తపన ఇక్కడ ప్రస్తావించక తప్పదు. 1975లో మార్కెట్టులోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. తపన మాత్రం పేరు మార్చుకోలేదు. పెళ్ళి కుదిరిన ఆడపిల్లలు డాక్టరు చీటీ లేకుండానే మందుల దుకాణంలో ఒక ట్యూబు కొనుక్కుని రావడం నేనెరుగుదును. దాని వెనుక మూడు పేర్లుంటాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్. చివరిది స్టెరాయిడ్. బీటామెథాసోన్, క్లోబెటసాల్ దాని బంధువర్గమే. ఇవి చర్మవైద్యులు కొద్దిరోజులకని, ఒక జబ్బుకని రాసే మందులు, క్రీములు కావు. మొదట్లో ముఖం నిగనిగలాడుతుంది. నెలల తరబడి వాడితే చర్మం పలచబడి, నెత్తురు నాళాలు ఎర్రగా తేలి, మొటిమలూ నూగు వెంట్రుకలూ వస్తాయి. మానేస్తే ముఖం భగ్గున మండుతుంది గనుక మళ్ళీ దానినే రాస్తారు. ఇటువంటి ట్యూబు మీద ఆరెక్స్ గుర్తూ ఎడమ అంచున ఎర్రని నిలువు గీతా ఉంటాయి. ఆ గీతకు అర్థం తెలుగులో ఎవరైనా చెప్పి ఉంటే ఎన్ని ముఖాలు బాగుపడి ఉండేవో!

దీనికన్నా ఘోరమైనది అసలు జాబితాయే లేని డబ్బా. పాదరసం ఒంటి నలుపును తయారుకానివ్వదు. చర్మంగుండా లోపలికి దిగి మూత్రపిండాలను చేరుతుంది. కేరళలోని కొట్టక్కల్ వైద్యులు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు వరకు 22 మందిలో ఒక తరహా మూత్రపిండ వ్యాధిని చూశారు. వారిలో 15 మందికి నెల్-1 అనే ప్రొటీనుతో ముడిపడిన అరుదైన రకం. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవారే. చెమటోడ్చి సంపాదించిన డబ్బుతో కొన్న తెలుపు అది.

పొడుగు పేర్లకు జడిసి ‘సహజం’ వైపు పరుగెత్తేవారికి మరొక్క మాట. స్టిక్కరు బొట్టు మన ఇళ్ళలో ఎవరూ అనుమానించని వస్తువు. దాని వెనుక జిగురులో పారా టెర్షియరీ బ్యుటైల్ ఫినాల్ ఉంటే, ఏళ్ళ తరబడి పెట్టుకున్న కొందరికి సరిగ్గా బొట్టు మేరకే తెల్లమచ్చ పడుతుంది. వైద్యులకు ఇది పాత సంగతే. ఆ జిగురు పేరు రాసి ఉన్న బొట్టుబిళ్ళల ప్యాకెట్టు కోసం నేను చాలా దుకాణాలలో వెతికాను, ఒక్కటీ దొరకలేదు.