ప్యానెల్ కంపెనీ అడుగుతాం, వైరు సైజు అడగం



మినుము విత్తనాల బస్తా కొనేటప్పుడు ట్యాగ్ చూస్తాం, లాట్ నంబర్ చూస్తాం, గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని మరీ చూస్తాం. లక్షలు పెట్టి సోలార్ పెట్టించుకునేటప్పుడు మాత్రం "ప్యానెల్ ఏ కంపెనీ? సబ్సిడీ ఎంత?" అని రెండు ముక్కలడిగి సంతకం పెట్టేస్తున్నాం. 2024లో సూర్యఘర్ పథకం వచ్చాక 3 కిలోవాట్లకి 78 వేల సబ్సిడీ అని అందరికీ నోటికొచ్చు. ఇన్వర్టర్ నుంచి మీటర్‌కి ఎంత సైజు వైరు వేస్తున్నారో అడిగే నాథుడు లేడు. నేనూ అడగలేదు. అనుభవించాను.

మా నందివెలుగులో మా డాబా మీద కొబ్బరి చెట్ల నీడ. అందుకని గొడ్లచావిడి మీద 3 కిలోవాట్లు పెట్టించా. ఇన్వర్టర్ కూడా అక్కడే. ఇంటి మీటర్‌కి 50 మీటర్ల దూరం. బిగించినాయన ఇళ్లల్లో వాడే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగేసి పోయాడు. చలికాలం బాగానే నడిచింది. ఎండలు ముదిరాక, సరిగ్గా కరెంటు బాగా తయారయ్యే మధ్యాహ్నం పూటే ఇన్వర్టర్ ఆగిపోవడం మొదలెట్టింది. ఫోన్ చేస్తే "లైన్లో వోల్టేజీ ఎక్కువండీ, కరెంటోళ్లని అడగండి" అన్నాడు. ఇన్వర్టర్ నడుస్తుండగా కొలిపించా. మీటర్ దగ్గర 244. చావిడి దగ్గర 253. ఆ 9 వోల్టులు లైన్‌వి కాదు, నా సన్న వైరువి.

ఎందుకంటే, పొలంలో నీళ్లు తిరిగి కాలువలోకి పారాలంటే పొలం మట్టం కాలువ కంటే ఎత్తుండాలి. బోదె సన్నదైతే ఇంకా ఎత్తుండాలి. ఇన్వర్టర్ కూడా అంతే. వైరు సన్నదైన కొద్దీ వోల్టేజీ పెంచి తోస్తుంది. హద్దు దాటగానే ఆగిపోతుంది.

లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. పోను రాను దూరం 100 మీటర్లు. 3 కిలోవాట్లకి సుమారు 13 ఆంపియర్లు. 2.5 రాగి వైరుకి కిలోమీటరుకి 7.41 ఓములు. 100ని 13తో, 7.41తో గుణించి వెయ్యితో భాగించండి: 9.6 వోల్టులు. అదే 6 స్క్వేర్ ఎంఎం అయితే 3.08 ఓములు, తేడా 4 వోల్టులే. అంటే 2 శాతం లోపు.

"2.5 వైరు 20 ఆంపియర్లు మోస్తుందండీ, మీకు 13 చాలు" అంటారు. మోయడం వేరు, దూరం మోయడం వేరు. వైరు కాలదు, నిజమే. కానీ కరెంటు దారిలో వేడిగా పోతుంది. 9.6 వోల్టులని 13తో గుణిస్తే 125 వాట్లు. ఎండ బాగా ఉన్నంతసేపూ ఒకటిన్నర ఫ్యాన్ కరెంటు గాలికి పోతున్నట్టే. ఇన్వర్టర్ ఆగితే మొత్తం పోతుంది. ఇన్వర్టర్ని ఇంట్లోకి మార్చి ప్యానెల్ వైరు పొడుగు చేసినా ఇదే లెక్క. అక్కడ ఆగదు గానీ, వేడిగా పోవడం తప్పదు.

తప్పు మనలోనూ ఉంది. రెండు వేలు తగ్గించమని గంటసేపు బేరమాడతాం. ఆయన ప్యానెల్లో తగ్గించలేడు, దాని మీద కంపెనీ పేరుంది. ఎవరూ చూడని వైర్లో తగ్గిస్తాడు. ప్యానెల్ 25 ఏళ్లు ఉంటుందని చెప్పేవాళ్లు వైరు మాట ఎత్తరు.

అందుకే సంతకానికి ముందు కొటేషన్‌లో ఇవి రాయించుకోండి. ప్యానెల్ వైపు, మీటర్ వైపు వైరు సైజు ఎంత, ఎన్ని మీటర్లు, రాగా అల్యూమినియమా (అల్యూమినియం అయితే నష్టం ఒకటిన్నర రెట్లు పైనే), వోల్టేజీ తేడా ఎంత శాతం. ప్యానెల్ వైపు ఎండకి తట్టుకునే సోలార్ కేబులే వేయాలి, దాని మీద ఐఎస్ 17293 అని అచ్చు ఉండాలి. బిగించాక ఎండ మధ్యాహ్నం రెండు చివరలా మీటర్ పెట్టి కొలవమనండి. రాసివ్వనంటే ఇంకొకర్ని చూసుకోండి.

నేను సొంత డబ్బుతో 6 వైరు మళ్లీ లాగించా. మధ్యాహ్నం ఆగడం పోయింది. మీరు రెండుసార్లు కొనకండి.