అప్పగించిన బండి – అడుగవలసిన లెక్క

రిపేరు షెడ్డులో అప్పగించిన మోటారు సైకిలు ఒక లోపము తీరి, మరొక లోపముతో ఇల్లు చేరుట మన ప్రాంతమున తరచుగా కనబడు సంగతి. ఇది మీ చేతిలోనే జరిగినదని యజమాని అనును. ఇది ముందే ఉన్నదని మెకానిక్కు అనును. ఇరువురిలో ఒకరు అసత్యమాడుచుండవలెనను నియమము లేదు. ఇరువురును తాము నమ్మినదే చెప్పుచుండవచ్చును. చిక్కంతయు అచ్చటనే ఉన్నది.

ఇది చిల్లర తగవని పెద్దలు కొట్టివేయుదురు. నేనట్లు తలపను. బోనకల్ చుట్టుపట్ల పల్లెల నుండి కళాశాలకు వచ్చు విద్యార్థికి బండి విలాసము కాదు. రైలు తన వేళకు వచ్చును, బస్సు తన వేళకు వచ్చును. మొదటి పీరియడు మాత్రము వాని కొరకు ఆగదు. ఆ బండి ఒక ఏటి మిరప పంట మీదనో, పత్తి మీదనో కొన్నది. మరి ఆ షెడ్డు కూడ పరాయిది కాదు. మన విద్యార్థులలో కొందరి తండ్రులును, అన్నలును ఆ వృత్తిలోనే ఉన్నారు. తగవు వచ్చినప్పుడు రెండు వైపులను మనవారే నిలుచుందురు.

నేనెరిగిన ఒక ఉదంతము చెప్పెదను. డిగ్రీ రెండవ సంవత్సరము చదువు ఒక విద్యార్థి క్లచ్ ప్లేట్లు మార్పించుటకు బండి ఇచ్చెను. ఆ పనికి ఇంజను కుడిప్రక్క కవరు విప్పవలెను. కవరు విప్పుటకు ముందు క్రింది బోల్టు తీసి ఆయిలు వంపవలెను. సాయంకాలము బండి వచ్చినది, క్లచ్ చక్కగా పట్టినది. మూడవ నాడు వాకిట ఆయిలు చుక్కలు కనబడినవి. వేరొక మెకానిక్కు చూచి, బోల్టు మరలు అరిగిపోయినవనియు, దానికి టేపు చుట్టి బిగించినారనియు చెప్పెను. ఇంజను అడుగు భాగము అల్యూమినియము, బోల్టు ఉక్కు. పొడుగు పానాతో బలముగా బిగించినచో ఓడునది అల్యూమినియమే. ఆ దెబ్బ బిగించిన క్షణమున కానరాదు. ఇంజను వేడెక్కి ఆయిలు పలుచబడిన పిదప కానవచ్చును.

విద్యార్థి మొదటి షెడ్డుకు పోయి, "ఉస్తాద్, ఆయిలు కారుతున్నది" అనెను. "మా కాడినుంచి పోయిననాడు మంచిగనే ఉన్నది గదా తమ్ముడూ, మూడు దినాలు ఏడ తిప్పినవో" అని సమాధానము వచ్చెను. మాట మీద మాట పెరిగినది. తండ్రి వచ్చెను, పెద్దమనుషులు కూర్చుండిరి. చివరకు ఖర్చు చెరిసగమని తీర్పు చెప్పిరి.

ఈ చెరిసగము తీర్పు నాకు నచ్చదు. మరలు ఆ షెడ్డులోనే పోయినచో మెకానిక్కు మొత్తము ఇయ్యవలెను; అచ్చట పోలేదన్నచో ఒక్క పైసయు ఇయ్యనక్కరలేదు. సగము ధర్మమగు సందర్భము ఇందులో నాకు కనబడదు. నిజమెక్కడ ఉన్నదో వెదకు శ్రమ తప్పించుకొనుటకే సగము పుట్టినది. అంతకన్న బాధాకరమైన సంగతి పిమ్మట తెలిసినది. యజమాని ఇచ్చిన ఆ సగమును పానా పట్టిన కుర్రవాని వారపు కూలిలో కోసినారు.

వస్తువును ఒక పని నిమిత్తము ఒకరికి అప్పగించి, పని ముగిసిన పిదప తిరిగి తీసికొనుటను 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము బెయిల్‌మెంటు అన్నది. మన మాటలో అప్పగింత. ఆ చట్టము 151వ సెక్షను ప్రకారము, తెలివిగల సామాన్యుడు తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తతో చూచుకొనునో, అప్పగింత పుచ్చుకొన్నవాడు కూడ అంత జాగ్రత్త చూపవలెను. అంతకు మించి అక్కరలేదు, అంతకు తగ్గరాదు. 154వ సెక్షను మరింత గట్టిది. అప్పగింత షరతులకు విరుద్ధముగా వస్తువును వాడినచో, ఆ వాడకములో జరిగిన నష్టమునకు వాడిన వాని తప్పు లేకున్నను బాధ్యత తప్పదు. చట్టములోనే ఉదాహరణ కలదు. ఒకడు తాను స్వారి చేయుటకై గుర్రమును ఎరవు తెచ్చి, ఇంటిలోని వేరొకనిని ఎక్కనిచ్చెను. అతడు జాగ్రత్తగానే నడిపెను. గుర్రము దైవికముగా పడి గాయపడెను. ఎరవు తెచ్చినవాడు పరిహారమీయవలెను. గుర్రము స్థానమున మోటారు సైకిలును నిలుపుడు. రిపేరు ఎట్లున్నదో చూచుటకు కొంత దూరము నడుపుట పనిలో భాగమే. అదే బండి మీద టీ తెమ్మని కుర్రవానిని పంపుట పనిలో భాగము కాదు.

యజమానులు ఇంతవరకు చదివి సంతోషించి ఆగరాదు. 150వ సెక్షను వారి కొరకే ఉన్నది. వస్తువులో తనకు తెలిసిన లోపమును, పని చేయువానికి ఆటంకమో అపాయమో కలిగించు లోపమును, అప్పగించువాడు ముందే చెప్పవలెను. గత నెల బండి పడిన సంగతి దాచి, సైలెన్సరు సొట్టను షెడ్డు మీదికి నెట్టువారు లేకపోలేదు. 170వ సెక్షను కూడ చూడదగినది. ఒప్పుకొన్న పనిని సక్రమముగా చేసినవాడు కూలి అందువరకు వస్తువును తన వద్ద ఉంచుకొనవచ్చును. అచ్చటి ఉదాహరణ వజ్రమును సానపట్టు రత్నకారుడు. డబ్బీయక తాళము లాగికొనుట వినియోగదారుని హక్కు కాదు.

ప్రాచీన శాసనకర్తలు వృత్తికారునే ఎక్కువగా శంకించిరి. హమ్మురాబీ శాసనము, కట్టిన ఓడ ఏడాదిలోపల చెడినచో కట్టినవాడే తిరిగి బాగుచేయవలెనన్నది. పరుల వస్త్రమును తొడిగికొన్న చాకలికి యాజ్ఞవల్క్యుడు మూడు పణముల దండుగ వేసెను. దానికి వ్యాఖ్యయైన మితాక్షరను కేతన 13వ శతాబ్దమున విజ్ఞానేశ్వరీయముగా తెనుగు చేసెను. హనఫీ న్యాయశాస్త్రమున చర్చ మరింత సూక్ష్మమైనది. పలువురికి పని చేయు వృత్తికారుని వారు అజీర్ ముష్తరక్ అందురు. అతని చేతిలోని వస్తువు అమానత్తనియు, అతని తప్పు లేనిదే బాధ్యుడు కాడనియు ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయపడిరి. నివారింపరాని ఆపద తప్ప మిగిలిన నష్టమునకు బాధ్యుడేనని ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ గార్లు పలికిరి. అయితే పని చేయుచుండగా వృత్తికారుని చేతి దెబ్బకే గుడ్డ చిరిగినచో మువ్వురును బాధ్యతనే నిర్ణయించిరి. మన బోల్టు మరలు ఈ చివరి కోవలోనివి.

"బండికి యజమానిదే బాధ్యత" అను బోర్డు సంగతి ఏమని ఒక విద్యార్థి నన్నడిగెను. ఢిల్లీలోని తాజ్ మహల్ హోటలులో 1998లో ఒక అతిథి కారును హోటలు సిబ్బందికి అప్పగింపగా అది దొంగిలింపబడినది. ఆ వివాదమున 2019 నవంబరు 14న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అప్పగింత పుచ్చుకొన్న హోటలు తన నిర్లక్ష్యము లేదని ముందుగా చూపవలెననియు, అట్లు చూపనిదే చీటీ మీది షరతును అడ్డము పెట్టుకొనజాలదనియు ఆ తీర్పు సారము. ఆ తీర్పు పెద్ద హోటలును గూర్చినదే. అయినను, బండి తన స్వాధీనమున ఉన్న వేళ ఏమి జరిగినదో ఎరిగినవాడు షెడ్డువాడే గావున, ముందుగా నోరు విప్పవలసినవాడును అతడేయని నా అభిప్రాయము.

ఫిర్యాదుకు మార్గము లేకపోలేదు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము స్థానమున 2019 చట్టము వచ్చి, 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. చెల్లించిన సొమ్ము ఐదు లక్షలు మించనిచో జిల్లా కమిషనులో ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. రెండేండ్ల వ్యవధి కలదు. 1915 నంబరునకు ఫోను చేసి సలహా పొందవచ్చును. కాని ఒక బోల్టు నష్టమునకై ఖమ్మమునకు పలుమార్లు తిరిగిన విద్యార్థికి చార్జీలును, పాఠములును కలిపి లెక్కింపగా నష్టమే మిగులును. చట్టము తెలిసియుండుట షెడ్డు ముంగిట మాట్లాడుటకే ఎక్కువ అక్కరకు వచ్చును.

మెకానిక్కు కష్టము కూడ చెప్పకుండుట న్యాయము కాదు. 2020 ఏప్రిలు 1 నుండి వచ్చిన కొత్త కాలుష్య నియమములతో చిన్న బండ్లలో సైతము కార్బురేటరు పోయి, పెట్రోలును ఎలక్ట్రానిక్ పద్ధతిలో చిమ్ము ఏర్పాటు వచ్చినది. దాని దోషమును కనుగొను పరికరము చిన్న షెడ్లకు అందుబాటులో ఉండుట అరుదు. చెవితో విని, చేతితో తడవి నేర్చిన విద్య అచ్చట చాలదు. పానా పట్టిన కుర్రవానికి ఎంత బలముతో బిగింపవలెనో కొలిచి చూపు పానా ఎవరు కొనియిచ్చిరి? పనివాడు పనిలో చేసిన పొరపాటునకు బండివానికి బదులు చెప్పవలసినవాడు షెడ్డు యజమాని. లాభము తనదైనప్పుడు నష్టము కుర్రవానిదెట్లగును?

తగవులు తగ్గు ఉపాయము అరపుట చీటీలో ఉన్నది. బండి నంబరు, అప్పటికి తిరిగిన కిలోమీటర్లు, పెట్రోలు మట్టము, ఉన్న గీతలును సొట్టలును, చెప్పిన పని, ఒప్పుకొన్న కూలి, ఇచ్చెదనన్న తేది, ఇరువురి సంతకములు. దానితోపాటు బండి నాలుగు వైపులను, ఇంజను అడుగును సెల్‌ఫోనుతో ఫొటోలు తీసికొనవలెను. తీసికొని పోవునప్పుడు అచ్చటనే పది నిమిషములు ఇంజను నడిపి క్రింద చూడవలెను. పిదప లోపము కనబడినచో, వేరొకనిచేత విప్పింపక ముందే మొదటి షెడ్డువానికి తెలుపవలెను. రెండవ చేయి పడిన వెనుక మొదటి చేతి గురుతు చెరిగిపోవును.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. ఈ చీటీని తెలుగు, ఉర్దూ భాషలలో అచ్చు వేయించి, నూరేసి చీటీల పుస్తకములుగా కుట్టించి, బోనకల్‌లోని షెడ్లకు ఉచితముగా ఇప్పించవచ్చును. తెలుగు పాఠమును నేను వ్రాసియిత్తును. ఉర్దూ శాఖవారు తమ పాఠమును వేసవి సెలవులలోపల సిద్ధము చేసినచో, కళాశాల తిరిగి తెరచునాటికి పుస్తకములు షెడ్లకు చేరగలవు. కూలి కోతకు గురియైన ఆ కుర్రవానికి చదువను వ్రాయను వచ్చును. చీటీ నింపు పనిని మొదట వానికే నేర్పవచ్చును.