సముద్రం పాలు

ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గేట్లు ఎత్తారంటే మర్నాటి పత్రికలో శీర్షిక ఏమిటో చూడకుండానే చెప్పొచ్చు: ఇన్ని లక్షల క్యూసెక్కుల గోదావరి జలాలు వృథాగా సముద్రం పాలు. టీవీ అడుగున పరుగెత్తే అక్షరాలూ అవే. ఎవరి హయాంలో ఎక్కువ పోయాయన్నది నాయకుల తగాదా. పోవడం నష్టమేనన్న దాంట్లో మాత్రం తగాదా లేదు. రెండు రాష్ట్రాల్లో అన్ని పార్టీలూ ఒక్క తాటి మీద నిలబడే చోటు బహుశా ఇదొక్కటే.

నాకు ఆ మాటతోనే పేచీ. తెలుగులో పాలు అంటే వాటా. పాలుకు సేద్యం చేసేవాడు పాలికాపు, ఆస్తిలో వాటా ఉన్నవాళ్లు పాలివాళ్లు. 'సముద్రం పాలు' అనడంలో మన భాష నిజమే పలికింది. ముందు తగిలించిన 'వృథాగా' ఒక్కటే అబద్ధం.

నదిని నీళ్ల గొట్టంగా చూడడంలో ఉంది అసలు పొరపాటు. గోదావరి మోసుకొచ్చేది నీళ్లొక్కటే అయితే వరదనీటిని ఎర్రనీరు అనేవాళ్లం కాదు. ఆ ఎరుపులో దక్కను మట్టి ఉంది, అడవి ఆకు కుళ్లిన సారం ఉంది, నత్రజని, భాస్వరం, సిలికా ఉన్నాయి. వీటికోసం సముద్రంలో ఎదురుచూసేవాళ్లున్నారు. సముద్రం మీద ఎండకు కొదవ లేదు. ఆ ఎండను పట్టి తిండిగా మార్చేది కంటికి ఆనని నాచు. దానికి ఎండ ఒక్కటే చాలదు, ఎరువూ కావాలి. డయాటమ్‌లనే నాచు జాతికైతే గాజు లాంటి పెంకు కట్టుకోవడానికి సిలికా లేనిదే గడవదు. నడిసముద్రంలో చచ్చినవాటి సారం కొంచెం కొంచెంగా అడుక్కి దిగిపోతుంది, పైన మిగిలేది నీలిరంగు ఎడారి. నది కలిసే తీరంలో ఆ కరువు ఉండదు. వలలు అక్కడ నిండడంలో వింత లేదు.

1942లో రేమండ్ లిండెమన్ అనే యువకుడు అమెరికాలోని ఓ చిన్న సరస్సును పట్టుకుని, జీవులన్నిటినీ శక్తి లెక్కలోకి మార్చి చూపించాడు. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు చేరే శక్తి స్థూలంగా పదో వంతే. మిగతాది వేడిగా పోతుంది, మళ్లీ రాదు. అంటే మన పళ్లెంలో కిలో వంజరం ఉండాలంటే దాని కింద పది కిలోల చిన్న చేపలు, వాటి కింద వంద కిలోల సూక్ష్మజంతువులు, అన్నిటి కిందా వెయ్యి కిలోల నాచు. అడుగున తగ్గితే పైన మిగిలేది ఎంతో మీరే వేసుకోండి.

ఈ లెక్క నైలు నది ముందే వేసి చూపింది. అస్వాన్ ఆనకట్ట కట్టక ముందు ఈజిప్టు తీరంలో వరద తర్వాత నాచు విపరీతంగా పెరిగేది, దాని వెనకే సార్డీన్ చేపలు వచ్చేవి. 1962లో 18,000 టన్నుల సార్డీన్లు పట్టారు. 60ల మధ్యలో వరద ఆగింది. 1969 నాటికి దొరికింది 600 టన్నులు. తర్వాతి దశాబ్దాల్లో చేపల రాబడి మళ్లీ పెరిగిందని ఎవరైనా వాదించవచ్చు. నిజమే. పొలాల ఎరువులూ, కైరో, అలెగ్జాండ్రియాల మురుగూ సముద్రంలోకి చేరాక పెరిగింది. ఉచితంగా వచ్చే ఎరువు ఆపి డ్రైనేజీతో భర్తీ చేశామని సంతోషించేవాళ్లతో నాకు వాదన లేదు.

మన ఇంటి సంగతి. కృష్ణా, గోదావరి డెల్టాల మీద ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిశోధకులు వేసిన లెక్క ప్రకారం 1965 నుంచి 2008 వరకు జంట డెల్టాల తీరం నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల కోల్పోయింది. కృష్ణ 50లలో ఏటా రెండు వేల టీఎంసీలకు పైగా డెల్టాకు తెచ్చేది, 2000 తర్వాత నాలుగు వందల చిల్లర. మనవాళ్ల కల అక్కడ దాదాపు నెరవేరిందన్నమాట. గోదావరి కథ ఇంకా చిత్రం. నీళ్లు పెద్దగా తగ్గలేదు. ఒండ్రు మాత్రం 70లలో ఉన్న 15 కోట్ల టన్నుల నుంచి ఆరు కోట్ల లోపుకు పడిపోయింది. జలాశయాల్లో పూడిక పేరుకుపోతోందని ఒక శాఖ గగ్గోలు పెడుతుంది, తీరం కోసుకుపోతోందని ఇంకో శాఖ రాళ్లు పోయిస్తుంది. రెండూ ఒకే మట్టి గురించని ఏ ఫైలూ చెప్పదు.

అనంతపురంలో వేరుశనగ ఎండిపోతుంటే నాచుకు వకాల్తా ఏమిటని అడుగుతారు. అడగాలి కూడా. ఎత్తిపోతలు వద్దని నేననడం లేదు. కాటన్ ఆనకట్ట లేని గోదావరి జిల్లాలను ఊహించే ధైర్యం నాకూ లేదు. నీళ్లు తీసుకుంటున్నామని చెప్పి తీసుకోండి. 'వృథా' అన్నామంటే సముద్రంలోకి పోవలసింది సున్నా అని ఒప్పుకున్నట్టే. ఎంత ఉంచాలన్న ప్రశ్న ఇక పుట్టదు. గోదావరి నుంచి ఏటా మూడు వేల టీఎంసీలు పోతున్నాయనే లెక్కలో సింహభాగం నాలుగు వరద నెలలది. ఆ వరదే మట్టిని మోసేది. కోరింగ మడ అడవి బతకడానికి కావలసిన ఉప్పూ తీపీ కలిసిన నీటిని సమకూర్చేదీ అదే.

సముద్రానికి పోయిన సారం తిరిగి రాదా అంటే, బడిలో గుండ్రటి బొమ్మ గీయించారు: శక్తి ఒకవైపే పోతుంది, పదార్థం చక్రంలా తిరుగుతుంది. బొమ్మ తప్పు కాదు గానీ, బాణాలు వాటంతటవే తిరుగుతాయన్న భ్రమ కలిగిస్తుంది. నత్రజనికి గాలి దారైనా ఉంది. భాస్వరానికి అదీ లేదు, పల్లానికే పోతుంది. సముద్రం అడుగు పైకి లేచి కొండ అయ్యేదాకా ఆగకుండా దాన్ని వెనక్కి తేగలిగినవి రెక్కలున్నవీ, ఈతొచ్చినవీ. పులికాట్‌లో చేపలు మింగిన గూడబాతులు నేలపట్టు చెరువు చెట్ల మీద వేసే రెట్ట అలాంటి తిరుగు టపా.

ఇంకొకటి పులస. సముద్రంలో ఉన్నంతకాలం అది విలసే. ఎర్రనీటి వాసన తగిలాక గోదావరికి ఎదురీదుతుంది, అప్పుడే దానికి ఆ పేరు, ఆ రుచి, ఆ ధర. పుస్తెలమ్మైనా తినాలన్నారు మనవాళ్లు. యానాంలో వేలు పోసి కొన్న పెద్దమనిషి దాన్ని కారు డిక్కీలో పెట్టించుకుని, ఇంటికెళ్లి పులుసు ఉడికేలోగా టీవీ పెట్టి, సముద్రం పాలవుతున్న నీళ్లను చూసి అయ్యో అంటాడు.