క్రేన్ కింది ప్రాణానికి పూచీ ఎవరిది?

కోనసీమ అంటే కొబ్బరితోటలు, పంటకాల్వలే అనుకుంటాం. రాజోలు, అమలాపురం పల్లెల్లో రిగ్గులు, ట్రెయిలర్లు, క్రేన్లు కూడా తిరుగుతాయి. చమురు, గ్యాసు కోసం ఓఎన్‌జీసీ దశాబ్దాలుగా అక్కడ బావులు తవ్వుతోంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకొని రెండు నెలలు మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా బలయ్యారు. ఇవి దేశానికి తెలుసు. ఒక్కొక్కరుగా విరిగే కాళ్లూ చేతుల సంగతే ఎవరికీ పట్టదు.

రిగ్గును మార్చాలంటే ముక్కలుగా విప్పాలి, క్రేన్‌తో ఎత్తాలి, ట్రెయిలర్ల మీద తరలించాలి. గోదావరి ఒండ్రు నేల మెత్తన. క్రేన్ కాళ్ల కింద గట్టి దిమ్మలు లేకుంటే నేల కుంగి క్రేన్ ఒరుగుతుంది. కాల్వగట్టు రోడ్లు ఇరుకు. వెనక్కొచ్చే ట్రెయిలర్ వెనక నిలబడేది హెల్పరే. ఇనుప తాడు తెగితే కింద ఉండేదీ అతనే. అడిగితే కంపెనీ ఏమంటుంది? మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి అంటుంది.

2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో పరీక్షిస్తున్న భారీ క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. మృతుల్లో కాంట్రాక్టు సంస్థల వాళ్లే ఎక్కువ. ఒక్కసారే 11 మంది పోయారు కాబట్టి పరిహారం ప్రకటించారు. ఒక్కడి కాలు పోతే ఎవరొస్తారు?

ఆంధ్ర సంగతి మనకెందుకు అనేవాళ్లకు ఒక మాట. చట్టం దృష్టిలో చమురు బావి కూడా గనే. రాజోలు రిగ్గుకైనా, రామగుండం ఓపెన్‌కాస్టు డంపరుకైనా భద్రత చూడాల్సింది ధన్‌బాద్ కేంద్రంగా ఉన్న గనుల భద్రతా డైరెక్టరేటే. సంపద ఊరిది, లాభం కంపెనీది, గాయం కూలోడిది. ఉద్యమంలో మనం అడిగింది ఈ లెక్కే కదా! 2014లో రాష్ట్రం వచ్చింది. ఈ లెక్క ఇక్కడా తేలలేదు, అక్కడా తేలలేదు. మన కొట్లాట పాలకులతోనే, కోనసీమ కూలీతో ఏనాడూ కాదు.

కాంట్రాక్టరు మనిషికి దెబ్బ తగిలినా పరిహారం బాధ్యత పని చేయించుకునే అసలు సంస్థదేనని 1923 నాటి చట్టమే చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా దాన్ని తీసేయలేదు. ఆసుపత్రి బిల్లు కట్టి తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే ఆ హక్కు చచ్చిపోదు.

మేము అడిగేవి మూడే. క్రేన్ పరీక్షించిన తేదీ, ఎత్తగల బరువు ప్రతి రిగ్గు గేటు దగ్గర తెలుగులో రాయాలి. కాంట్రాక్టు కార్మికుల పేర్ల రిజిస్టరు అసలు కంపెనీ దగ్గర ఉండాలి. ఉద్యోగ సంఘాలు వాళ్లను సభ్యులుగా చేర్చుకోవాలి. మూడోది మన చేతుల్లోనే ఉంది. రేపటిదాకా ఆగాల్సిన పనేముంది?