బంతిలో గులాబీ

బౌలింగ్ అనగానే మనవాళ్ళకి కపిల్‌దేవ్ గుర్తొస్తాడు. ఇది ఆ బౌలింగ్ కాదు లెండి. నున్నటి బాట మీద బరువైన బంతిని దొర్లించి, అరవై అడుగుల అవతల నిలబెట్టిన పది పిన్నుల్ని పడగొట్టే ఆట. హైదరాబాద్ మాల్స్‌లో సినిమాకొచ్చిన కుర్రకారు షోకి టైముంటే అటే వెళుతున్నారు.

1996లో వచ్చిన 'కింగ్‌పిన్' చూశారా? ఫారెల్లీ సోదరుల సినిమా. హీరో వుడీ హారెల్‌సన్. కానీ నా కళ్ళు మాత్రం విలన్ బిల్ మర్రే చేతిలోని బంతి మీదే! గాజులా మెరిసే ఆ బంతి నడుమ ఓ ఎర్ర గులాబీ. క్లైమాక్సులో మర్రే కొట్టిన మూడు స్ట్రైకులూ కెమెరా ముందు నిజంగా కొట్టినవేనట!

మరి అంత అందమైన బంతి ఆటకి పనికొస్తుందా? లోపలి బొమ్మ కనిపించే బంతులు మామూలుగా పాలియెస్టర్‌వి, అంటే ప్లాస్టిక్. మాల్స్‌లో మనకిచ్చే రంగురంగుల బంతులూ చాలావరకు ఆ జాతివే. రంగుదేముంది, అసలు సంగతంతా పైతొక్కలో ఉంది.

ఎలాగంటారా? బాటకి మొదటి నలభై అడుగుల దాకా నూనె రాస్తారు. చివర పొడిగా ఉంటుంది. ప్లాస్టిక్ బంతికి పట్టు తక్కువ, దాదాపు తిన్నగా పోతుంది. 1980ల మొదట్లో వచ్చిన యూరిథేన్ బంతి బాటని ముందే పట్టుకుని నిదానంగా వంపు తిరుగుతుంది. 1990ల మొదట్లో దిగిన రియాక్టివ్ రెజిన్ బంతిదే అసలు తమాషా. దాని తొక్కలో కంటికి కనిపించని సన్నటి రంధ్రాలుంటాయి, నూనెని పీల్చేస్తాయి. నూనె మీద జారుతూ పోయి, పొడి చోటు తగలగానే గిరుక్కున మలుపు తీసుకుంటుంది! అలా ఏటవాలుగా వచ్చి ముందు పిన్నుకీ దాని పక్క పిన్నుకీ మధ్య దూరితే పదీ పడిపోయే అవకాశం ఎక్కువ.

అయితే మణికట్టు తిప్పడం రానివాడికి ఎంత ఖరీదైన బంతి కొనిచ్చినా తిన్నగానే పోతుంది. ఈ ముక్క అమ్మేవాళ్ళు చెప్పరు.

ఇక బరువు. గరిష్ఠం 16 పౌన్లు, అంటే ఏడుంపావు కిలోలు. పక్కన అమ్మాయిలుంటే మన హీరోలు నేరుగా దాని మీదే చెయ్యేస్తారు. వద్దు బాబూ! పదో పన్నెండో తీసుకుని ఊపి చూడండి. భుజం కిందికి లాగకూడదు. బొటనవేలు బిగుసుకోకుండా సులువుగా బయటికి రావాలి. లేకపోతే బంతి వదిలినా వేలు వదలదు. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ ఎడమచేత్తో తినాల్సి వస్తుంది.

అన్నట్టు, ప్లాస్టిక్ బంతిని చిన్నచూపు చూడకండి. మూలన ఒక్క పిన్ను మిగిలిపోతే దాన్ని పడగొట్టడానికి తిన్నగా పోయే బంతే కావాలి. అందుకే పేరుమోసిన ఆటగాళ్ళ సంచీలో కూడా ఓ ప్లాస్టిక్ బంతి ఉంటుంది. గులాబీ ఉంటుందో లేదో మాత్రం వాళ్ళ సరదా!