ద్రాక్ష పాఠం మే నెలలో చెప్పాలి

2020 అక్టోబర్ 13న హైదరాబాద్ మీద ఆకాశం విరుచుకుపడింది. ఆ ఒక్క రోజులో అన్నిటికంటే ఎక్కువ తడిసిన ఊళ్లలో పోచారం ఒకటి. అక్కడి సింగపూర్ టౌన్‌షిప్‌లో 30 సెంటీమీటర్లకు పైగా వాన నమోదైంది. పత్రికలు మునిగిన కాలనీల గురించి రాశాయి. రాయాల్సిందే. అయితే నగర శివార్లలో ఇంకా పందిళ్లు నిలుపుకుంటున్న ద్రాక్ష రైతుకు ఆ వారానికి వేరే అర్థం ఉంది. కొమ్మలు కత్తిరించే అక్టోబర్ కటింగ్ అయ్యి, కణుపుల దగ్గరి కన్నులు విచ్చి, లేత చిగుళ్లు బయటికి వచ్చే రోజులవి. ఆ చిగుళ్ల మీద వరుసగా రెండు రోజులు తడి ఆరకపోతే ఆకు పైన నూనె మచ్చలు పడతాయి, కింద తెల్లటి బూజు లేస్తుంది. అప్పుడప్పుడే తొంగిచూస్తున్న పూగుత్తులు మాడి రాలిపోతాయి. ఏడాది పెట్టుబడి వారం పది రోజుల్లో పోతుంది. అలాంటి వారంలో రైతుకు కావలసింది పక్క తోట దాకా వచ్చి, ఆకు తిప్పి చూసి, ఈ పూట మందు కొట్టాలో వద్దో చెప్పే మనిషి.

తెలంగాణలో ద్రాక్ష రైతుకు శిక్షణ లేదని ఎవరూ అనలేరు. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన స్థానం ఉంది. ఇప్పుడది శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. కాయ పండే కాలంలో అక్కడ ద్రాక్ష ఉత్సవం చేస్తారు. నగరవాసులు పిల్లాపాపలతో వస్తారు, రకరకాల పండ్లు రుచి చూస్తారు, గుత్తులు కోసి కొనుక్కుంటారు. మంచి పని. అపార్ట్‌మెంట్లలో పెరుగుతున్న పిల్లలు తీగకు వేలాడే గుత్తిని చేత్తో పట్టుకోవడం చిన్న విషయం కాదు. కానీ రైతు చదువుకు మాత్రం ఆ కాలం పనికిరాదు. ఫిబ్రవరిలో కనిపించే గుత్తుల సంఖ్య అంతకుముందు మే, జూన్ నెలల్లోనే తేలిపోయి ఉంటుంది.

ఈ విషయం కాస్త విడమరచాలి. చల్లటి దేశాల్లో ద్రాక్ష తీగ శీతాకాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. దక్కనులో దానికి ఆ నిద్ర లేదు. అందుకే ఇక్కడ ఏటా రెండు కటింగులు చేస్తారు, ఏప్రిల్‌లో కొమ్మల కోసం, అక్టోబర్‌లో కాయ కోసం. ఏప్రిల్‌లో కొమ్మలను ఒకటి రెండు కన్నుల దాకా నరికేస్తారు. అప్పుడు వచ్చే కొత్త కొమ్మలే రాబోయే పంటను మోస్తాయి. ఆ కొమ్మ మీది ఒక్కో కన్ను లోపల, కటింగ్ అయిన సుమారు 40 నుంచి 60 రోజుల మధ్య, గుత్తి తయారవ్వాలా, ఒట్టి తీగే రావాలా అన్నది నిర్ణయమవుతుంది. పైకి ఏమీ కనిపించదు. ఆ రోజుల్లో కన్నుకు ఎండ తగలాలి, కొమ్మల చివర్లు తుంచాలి, నత్రజని తగ్గించాలి, నీళ్లు కాస్త బిగపట్టాలి. మే నెల ఎండ చూసి భయపడి డ్రిప్ వదిలేస్తే తీగ పచ్చగా, దట్టంగా, కంటికి నిండుగా పెరుగుతుంది. అక్టోబర్‌లో కట్ చేస్తే గుత్తులుండవు.

మరి ఈ సంగతి రైతు ముందే తెలుసుకునేదెలా? దానికి పరీక్ష ఉంది. అక్టోబర్ కటింగ్‌కు ముందు తోటలో అక్కడక్కడ కొమ్మలు కోసి, ఒక్కో కన్నును బ్లేడుతో నిలువునా చీల్చి మైక్రోస్కోప్ కింద పెడితే లోపల గుత్తి మొలక ఉందో లేదో కనిపిస్తుంది. ఎన్నో కన్ను దగ్గర గుత్తులు ఎక్కువగా ఉంటే అక్కడ కట్ చేయాలి. నాలుగో కన్ను దగ్గర కట్ చేయాలా, ఏడో కన్ను దగ్గరా అన్న తేడాలో టన్నులు ఉన్నాయి. మైక్రోస్కోప్ ముందు ఒక్కసారి కూర్చుని తన తోట కన్నును తనే చూసిన రైతుకు ఇక ఉపన్యాసం అక్కర్లేదు.

హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్ష నిన్న మొన్న వచ్చింది కాదు. అనాబ్-ఎ-షాహీ అన్న పేరే ఈ నగరంతో ముడిపడింది. 19వ శతాబ్దం చివర్లో అబ్దుల్ బాఖర్ ఖాన్ తన తోటలో పెంచిన ఆ రకం తర్వాత దేశమంతా పాకింది. పెద్ద కాయ, తేనె రంగు, లోపల గింజలు, విరగకాసే స్వభావం. ఆ రకంలో హెక్టారుకు 100 టన్నుల దాకా దిగుబడి రికార్డయిన సందర్భాలున్నాయి. ఉప్పల్ దాటి ఘట్‌కేసర్, కీసర వైపు, అటు శామీర్‌పేట, మేడ్చల్ వైపు పందిళ్లు కనిపించిన రోజులు ఈ ప్రాంతపు పెద్దవాళ్లకు బాగా గుర్తే. ఆ తర్వాత జనం గింజలేని పండుకు అలవాటుపడ్డారు, థాంప్సన్ సీడ్‌లెస్, దాని నుంచి ఎంపిక చేసిన రకాలు మార్కెట్‌ను పట్టుకున్నాయి. బోర్లు అడుగంటాయి. భూమి ధర ఏ పంటకూ అందనంత ఎత్తుకు వెళ్లింది. పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్ వచ్చాక ఎకరం భూమిని కాయల లెక్కలో చూసే మనిషి దొరకడం కష్టమే. దీనికి రైతును తప్పుపట్టలేం. మిగిలిన కొద్దిమందిని నిలబెట్టాలా వద్దా అన్నదే ప్రశ్న. నిలబెట్టాలి. కోటి జనాభా ఉన్న మార్కెట్ ముంగిట్లో పండించిన పండు పొద్దున కోస్తే సాయంత్రానికి బాటసింగారం మార్కెట్‌కు చేరుతుంది. ఆ వీలును సోలాపూర్ లారీలకు పూర్తిగా వదిలేయడం తెలివైన పని కాదు.

మహారాష్ట్రలో ఏం జరిగిందో చూస్తే దారి కనిపిస్తుంది. అక్కడి ద్రాక్ష రైతులు 1960లోనే సంఘం పెట్టుకున్నారు. మహారాష్ట్ర రాజ్య ద్రాక్ష బాగాయత్‌దార్ సంఘ్ పుణె, నాసిక్, సాంగ్లీ, సోలాపూర్ విభాగాలుగా పనిచేస్తుంది. ఏటా పెద్ద మహాసభ ఉంటుంది. కానీ సంఘం అసలు బలం ఏప్రిల్ కటింగ్ ముందు, అక్టోబర్ కటింగ్ ముందు జరిపే చర్చల్లో ఉంది. శాస్త్రవేత్త ఒక పక్క, మంచి దిగుబడి తీసిన రైతు మరో పక్క కూర్చుంటారు. ప్రశ్నలు ఆ వారం చేయబోయే పని గురించే. 1997లో పుణె దగ్గర మంజరిలో ఏర్పడిన జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం వారం వారం వాతావరణాన్ని బట్టి సలహాలు విడుదల చేస్తుంది. పంటకు ఒక క్యాలెండర్ ఉందని, చదువు దాని వెంట నడవాలని వాళ్లు గుర్తించారు.

అంత పకడ్బందీగా ఉన్నచోట కూడా సమాచారం సమయానికి అందకపోతే ఏమవుతుందో 2010 చూపించింది. కొమ్మల ఎదుగుదలను అదుపు చేయడానికి వాడే క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్ అవశేషాలు ఉన్నాయంటూ యూరప్ మన ద్రాక్షను ఆపేసింది. ఆ మందు అప్పటికి ఇక్కడి పరీక్షల జాబితాలోనే లేదు. తోటలను నమోదు చేసే, కంటెయినర్ నుంచి తోట దాకా జాడ పట్టే గ్రేప్‌నెట్ వ్యవస్థ ఉండి కూడా దెబ్బ తప్పలేదు. ఆ మందు వాడేది ఎక్కువగా ఏప్రిల్ కటింగ్ తర్వాతి ఎదుగుదల కాలంలో. అంటే తప్పు దిద్దుకోవలసిన సమయం పండు పెట్టెలకెక్కేటప్పుడు కాదు, అంతకు ఎన్నో నెలల ముందు.

ఇక తెలంగాణలో సాయం సంగతి. డ్రిప్‌కు సబ్సిడీ ఉదారంగానే ప్రకటించారు: ఎస్సీ, ఎస్టీ రైతులకు 100 శాతం, బీసీలకు, చిన్న, సన్నకారు రైతులకు 90, మిగతావారికి 80. రాష్ట్రంలో రెండున్నర వేలకు పైగా రైతు వేదికలు కట్టారు. 2024 మార్చిలో మొదలైన రైతు నేస్తం కార్యక్రమం ద్వారా ఆ వేదికల్లో వీడియోలో శాస్త్రవేత్తలు రైతులతో మాట్లాడుతున్నారు. భవనం ఉంది, తెర ఉంది, పైపు ఉంది. ఆ పైపులో నీళ్లు మే నెలలో ఏ రోజు నుంచి తగ్గించాలో తోటలో నిలబడి చెప్పే ఏర్పాటు మాత్రం బలహీనంగా ఉంది. వరికి, పత్తికి పనికొచ్చే సామూహిక పాఠం ద్రాక్షకు చాలదు. జిల్లాలో ఈ రైతులు తక్కువమంది కాబట్టి వాళ్ల ప్రశ్నలు సభలో వెనక వరుసలోనే ఉండిపోతాయి. తక్కువమంది ఉండటాన్ని అడ్డంకిగా కాక సౌకర్యంగా తీసుకోవాలి. ఒక అధికారి, ఒక శాస్త్రవేత్త నెలలో ప్రతి తోటకూ వెళ్లిరాగలిగే సంఖ్య ఇది.

బీమా విషయంలో లోటు ఇంకా స్పష్టం. వాతావరణ ఆధారిత బీమా పథకంలో మహారాష్ట్ర ద్రాక్ష ఉంది, వడగళ్లకు అదనపు రక్షణ కూడా ఉంది. తెలంగాణ 2020లో కేంద్ర పంటల బీమా పథకం ఫసల్ బీమా నుంచి తప్పుకుంది. 2023 మార్చిలో వికారాబాద్ వైపు రాళ్లవాన నేలను తెల్లగా కప్పేసింది. మార్చి అంటే ద్రాక్షలో కాయ తీపెక్కి కోతకొచ్చే నెల. ఆ నష్టాన్ని రైతు ఒక్కడే మోయాలంటే ఏ శిక్షణా అతన్ని పందిరి కింద నిలపలేదు.

తోటలో కళ్లు తెరిచి చూడటం వల్లే ఈ పంటకు గొప్ప మందు దొరికిందన్నది ఇక్కడ చెప్పుకోవాలి. 1882లో ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో మిలార్డే అనే శాస్త్రవేత్త దారి పక్క తీగలకు మాత్రం బూజు తెగులు సోకకపోవడం గమనించాడు. దొంగలు కాయలు తెంపకుండా రైతులు ఆ వరుసల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. దాన్నుంచే 1885లో బోర్డో మిశ్రమం వచ్చింది. నిమ్మ రైతుకూ, తమలపాకు రైతుకూ ఈనాటికీ అదే దిక్కు. రైతు చేసిన పనిని శాస్త్రవేత్త చూశాడు, లెక్క కట్టాడు, మళ్లీ రైతుకే ఇచ్చాడు. మన దగ్గర కూడా అలా చూడదగ్గ రైతులున్నారు. అల్వాల్‌కు చెందిన చింతల వెంకటరెడ్డి లోతు మట్టిని పైకి తెచ్చి మొక్కలకు వేసే పద్ధతితో పేరు తెచ్చుకున్నారు, 2020లో పద్మశ్రీకి ఎంపికయ్యారు. అలాంటి రైతుల అనుభవాన్ని సన్మాన సభలకు పరిమితం చేయకుండా పరిశోధన స్థానం తన మడుల్లో పక్కపక్కన పరీక్షించి, వచ్చిన ఫలితాన్ని మంచైనా చెడైనా రైతులకు చెప్పాలి.

కావలసింది కొత్త పథకం కాదు. రాజేంద్రనగర్ పరిశోధన స్థానం, ఉద్యాన శాఖ కలిసి తేదీలు మారిస్తే చాలు. మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలో ఒప్పుకున్న రైతు తోటలోనే ఏప్రిల్ కటింగ్ రోజున ఒకసారి, నలభై రోజులు గడిచాక మే చివర్లో మరోసారి, కన్నుల పరీక్షకు సెప్టెంబర్‌లో, గుత్తులు సజ్జ గింజంత అయ్యి జిబ్బరెలిక్ ఆమ్లంలో ముంచే రోజుల్లో ఇంకోసారి కూడాలి. మైక్రోస్కోప్‌ను జీపులో పెట్టుకుని ఘట్‌కేసర్ రైతు వేదిక దాకా తేవడం అసాధ్యమేమీ కాదు. పుణె కేంద్రం వారపు సలహాను ఇక్కడి వాతావరణానికి సరిచూసి, తేట తెలుగులో, ఫోన్‌కు ఆడియోగా పంపాలి.

మరో మాట, ఇది తరచూ మరుగునపడేది. తోటలో కత్తెర పట్టేది చాలాచోట్ల యజమాని కాదు. కాయలు పలచన చేసేదీ, గుత్తుల్ని ఒక్కొక్కటిగా మందులో ముంచేదీ ఎక్కువగా ఆడ కూలీలు. ఏ కాయ ఉంచాలో, ఏది తీసేయాలో వాళ్ల వేళ్లే నిర్ణయిస్తాయి. శిక్షణ జాబితాలో మాత్రం పట్టాదారు పేరే ఉంటుంది. శిక్షణకు వచ్చిన కూలీకి ఆ రోజు కూలి కట్టివ్వాలి, చేతి తొడుగులూ మంచి కత్తెరా ఇవ్వాలి, పని నేర్చినట్టు ధ్రువపత్రం ఇచ్చి పక్క మండలం తోటల్లోనూ మెరుగైన కూలి అడిగే వీలు కల్పించాలి. అందుకయ్యే ఖర్చును వచ్చే ఏడాది ఉద్యాన శాఖ ప్రణాళికలో విడిగా ఒక పద్దుగా చూపించాలి.